వేట సరే, వేళ?

హైదరాబాద్ అశోక్ నగర్ కోచింగ్ వీధుల్లో కృష్ణజింక విలువ ఒక మార్కు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏ సంవత్సరం అని నిద్రలో లేపి అడిగినా ఇక్కడి పిల్లలు 1972 అంటారు. కృష్ణజింక ఏ షెడ్యూల్? ఒకటి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు? అదే. తెలంగాణది? చుక్కల జింక. 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి కాబట్టి, సీనియర్ దగ్గర పాత నోట్సు తీసుకుని జిరాక్స్ కొట్టించుకున్నవాడికి మార్కు గోవిందా. ఇందిరా పార్కు వైపు నుంచి చిక్కడపల్లి లైబ్రరీ దాకా ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డా స్పైరల్ బైండింగులు గుట్టలుగా ఉంటాయి. వాటిల్లో ఏదో ఒక పేజీలో మన జింకలన్నీ వరుస నంబర్లు వేయించుకుని, చుక్కలూ కొమ్ములూ లేకుండా పడి ఉంటాయి.

నేను చెప్పే పాఠం ఆ పేజీయే. పర్యావరణం, జీవవైవిధ్యం. కోచింగ్ సెంటర్లలో దీన్ని మార్కులు తేలిగ్గా వచ్చే సబ్జెక్టు అంటారు, అంటే జీతం కూడా తేలిగ్గానే ఉంటుంది.

ఆ పేజీ దగ్గర నేను అవసరానికి మించి ఆగుతాను. 1972లో చట్టం వచ్చింది కాబట్టి ఆ ఏడే దేశంలో వేట ఆగిపోయిందని అందరూ అనుకుంటారు. ఆగలేదు. ఆ చట్టం మొదటి రూపంలో వేటకు లైసెన్సులున్నాయి. పెద్ద జంతువులకు ఒక రకం, చిన్నవాటికి ఇంకో రకం. ఏ కాలంలో వేట మూసేయాలో రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటించవచ్చని ఉండేది. పిల్లల్ని, ఆడవాటిని, కొమ్ముల మీద నూగు తోలు ఇంకా రాలని జింకల్ని ప్రత్యేక అనుమతి లేకుండా కొట్టరాదని కూడా అందులోనే రాసి ఉండేది. ఆ లైసెన్సు పుస్తకాన్ని పూర్తిగా మూసింది 1991 సవరణ. ఇంత చెప్పాక వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తుతాడు: "సార్, ఇది బిట్ వస్తదా?" రాదు నాయనా, తర్వాతి పేజీ తిప్పు.

రాని బిట్టు కోసం నేను ఇంత ఆలోచించడానికి కారణం మా మేనల్లుడు. వాడూ ఒకప్పుడు ఈ వీధుల సరుకే. ఇక్కడ స్టడీ హాల్లో కూర్చుని గ్రూప్-2 పుస్తకాలు అరగదీసి, ఒకరోజు వాటిని కింది బ్యాచ్ వాడికి సగం ధరకు అమ్మేసి, ఎమ్మెస్ చేయడానికి టెక్సాస్ వెళ్లిపోయాడు. ఇప్పుడు డాలస్ శివార్లలో ఉంటాడు. ఆ ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఎటు తిరిగినా మిర్చి బజ్జీ దొరికే ఊళ్లో ఉండి, వాడు జింకల వేటకు బయల్దేరాడు.

వాడి ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, పుట్టింది పెరిగింది టెక్సాస్‌లోనే. ఆయనకు నడి టెక్సాస్ కొండల్లో, లానో వైపు, ఒక రాంచ్‌లో వేట కౌలు ఉంది. టెక్సాస్‌లో భూమి తొంభై శాతానికి పైగా సొంత ఆస్తి. అడవి ఉంటే దానికో గేటు, గేటుకో తాళం. అక్కడ వేటాడాలంటే ముందు ఎవరిదో ఒకరి తాళం కావాలి. ఆ పెద్దాయన వీణ్ణి రమ్మన్నది నవంబర్లో, అంటే అందరూ తుపాకులు భుజాన వేసుకుని వెళ్లే రోజుల్లో కాదు. జనవరిలో, సీజన్ తోక పట్టుకుని రమ్మన్నాడు. కొత్తవాడు నేర్చుకోవాలంటే అప్పుడే రావాలన్నాడట.

లైసెన్సుకు ముందు వేటగాళ్ల శిక్షణ ఒకటి ఉంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు టెక్సాస్‌లో అది తప్పనిసరి. మావాడు ఆన్‌లైన్లో చదివి, పరీక్ష రాసి, పాసై నాకు ఫోన్ చేశాడు. "మామా, చదవడం, రాయడం, రిజల్టు, మూడూ ఒకే వారంలో అయిపోయిన పరీక్ష నా జీవితంలో ఇదే." అశోక్ నగర్ మనిషికి ఆ ఆనందం ఏమిటో నాకు తెలుసు.

హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు అమెరికాలో తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. అది ఫెడరల్ చట్టం. కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. పదేళ్లుగా పన్ను కడుతున్నా ఓటు ఇవ్వని దేశం, జింక కోసమని అడిగితే రైఫిల్ ఇస్తుందన్నమాట. నవ్వాలో వద్దో తెలియని ఇలాంటి సంగతులు చట్టాల పుస్తకాల్లోనే దొరుకుతాయి.

ఇక ఆ తెల్లతోక జింక సంగతి. బెదిరిందంటే తోక నిలువుగా ఎత్తి, అడుగున ఉన్న తెల్లదనం జెండాలా ఊపుకుంటూ పరుగెత్తుతుంది, అందుకే ఆ పేరు. లానో కొండల్లో వీటి జత కట్టే కాలం నవంబర్. ఆ కొద్ది వారాలు మగజింక మనిషి కాదు, అంటే జింక కాదు. తిండి మానేస్తుంది, పగలూ రాత్రీ తిరుగుతుంది, శరీర బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఏడాదంతా గాలి వాసన చూడకుండా అడుగు వేయని జంతువు అప్పుడు పట్టపగలు మైదానం మధ్యలోకి వస్తుంది. వేటగాళ్లకు ఇది తెలుసు. రెండు కొమ్ములు పట్టుకుని టకటక కొడతారు, ఎవరో తన ఆడదాని కోసం పోట్లాడుతున్నారనుకుని అది పరుగున వస్తుంది. గొట్టంలో ఊది మగజింక గొంతు తెప్పిస్తారు. గోడలకు వేలాడే పెద్దపెద్ద కొమ్ముల తలల్లో చాలావరకు అలా వచ్చినవే.

మావాడు ఇదంతా ఉత్సాహంగా వివరిస్తుంటే నాకు పాండురాజు గుర్తొచ్చాడు. పాండురాజు కూడా సీజన్లోనే కొట్టాడు. అడవిలో జత కూడుతున్న జింకల మీద ఐదు బాణాలు వేశాడు. మగజింక మనిషి గొంతుతో మాట్లాడింది: అతను కిందముడనే ముని, భార్యతో కలిసి జింక రూపంలో ఉన్నాడు. ఆ తర్వాత సంభాషణ మనం కథ చెప్పేటప్పుడు దాటేస్తాం. పాండురాజు తగ్గలేదు. రాజులకు మృగాల వేట ధర్మమే, అగస్త్యుడంతటివాడు చేశాడు, తప్పేముంది అన్నాడు. కిందముడు దానికి అడ్డు చెప్పలేదు. జింకను చంపావని నిన్ను నిందించడం లేదు, ఆ ఒక్క క్షణం గడిచేదాకా ఆగి ఉండాల్సింది అన్నాడు. శాపం పడింది చంపినందుకు కాదు, ఆగనందుకు. మొత్తం కురువంశం కథ ఆ ఆగకపోవడం మీద నడిచింది. నేటి చట్టాల భాషలో చెబితే పాండురాజు చేసిన నేరం వేట మూసివేత కాలాన్ని ఉల్లంఘించడం. కిందముడు సెక్షన్ చెప్పి మరీ చనిపోయాడు.

ఇదంతా నేను ఫోన్లో చెబితే మావాడు విని, "అయితే జనవరి బెటర్ గదా మామా, అప్పటికి ఆ గొడవ అయిపోతది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. లానో కూడా చేరే టెక్సాస్ ఉత్తర జోన్‌లో మామూలు సీజన్ జనవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. ఆ పైన చాలా కౌంటీల్లో ఓ రెండు వారాలు అదనపు సీజన్ ఇస్తారు. అందులో కొమ్ములు కొమ్మలుగా చీలిన మగజింకను ముట్టకూడదు. కొమ్ములు లేనివి, లేదా ఒక కొమ్మైనా చీలకుండా ఉన్నవి మాత్రమే. గోడకు తగిలించేదేమీ దొరకదు. ఫొటో దిగినా ఎవరూ లైకు కొట్టరు. నవంబర్లో వచ్చిన జనంలో పదో వంతు కూడా ఉండరని పెద్దాయన అన్నాడట. మిగిలేది మాంసం కావాలనుకున్నవాడు, కూర్చోవడం ఇష్టమైనవాడు. ఈ రెండో రకం మీద నాకు కాస్త మోజు ఉంది, కాదనను.

జింక కూడా అప్పటికి పాత జింక కాదు. రెండు నెలలు తుపాకీ శబ్దాలు విన్నది. ఏ మంచె మీద మనిషి ఉంటాడో దానికి తెలుసు. ఓక్ చెట్ల కింద రాలిన కాయలు ఎప్పుడో అయిపోయాయి, చలి కోసం ఒంట్లో కొవ్వు కావాలి. అందుకని ఎక్కువ తిరగదు. పడుకునే చోటు, మేసే చోటు, మధ్యలో వీలైనంత చిన్న దారి. ఆ దారి ఏదో కనిపెట్టడమే ఆఖరి సీజన్ వేటలో సగం పని. మిగతా సగం పెద్దాయన మావాడికి నేర్పిన చిల్లర విషయాలు. గాలి జింక వైపు నుంచి నీ మొహానికి తగలాలి, నీ వీపు నుంచి దాని వైపు పోయిందా, ఇంటికి పోయి పడుకో. ఒంటికి ఆనుకుని నూలు బట్ట వేయకు, చెమట పీల్చుకుని చలికి మంచు గుడ్డవుతుంది. మంచె దాకా నడిచేటప్పుడు కోటు చేతిలో ఉండాలి, ఎక్కి కూర్చుని ఒళ్లు చల్లారాక వేసుకోవాలి. చెట్టుకు కట్టిన మంచె అయితే ఒళ్లంతా పట్టే రక్షణ పట్టీ బిగించకుండా ఎక్కొద్దు, ఆ దేశంలో వేటగాళ్లు తుపాకీ దెబ్బల కన్నా మంచె మీంచి పడి ఎక్కువ దెబ్బతింటారని ఆయన హెచ్చరిక. ఇక జనవరిలో తెల్లవారుజాము కన్నా సాయంత్రం మేలు. రాత్రంతా మేసిన జింకలు పొద్దున గూటికి తిరిగొస్తుంటాయి, చీకట్లో నువ్వు వాటికి ఎదురెళితే ఆ చోటు వారం దాకా పాడవుతుంది.

కదలకుండా కూర్చోవడం మాత్రం మావాడికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. స్టడీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటే చుట్టూ ఇరవై తలలు తిరిగి చూసే చోట తర్ఫీదైనవాడు.

శిక్షణలో అన్నిటికన్నా గట్టిగా చెప్పే సూత్రం ఒకటుంది: కళ్లతో చూసి, అది ఏ జంతువో, దాని వెనక ఏముందో తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. చప్పుడు విని, పొద కదలిక చూసి కాల్చకూడదు. దశరథుడు ఈ కోర్సు చేసి ఉంటే బాగుండేది. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకుని వేశాడు కదా. శబ్దభేది విద్యను మనం ప్రతిభ అని చెప్పుకుంటాం, అమెరికాలో దాన్నే పరీక్షలో మొట్టమొదటి తప్పు సమాధానంగా పెడతారు. మన ఇతిహాసాల్లో వేటలన్నీ ఇలా ఎక్కడో ఒకచోట బెడిసికొట్టినవే. బంగారు జింక సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాడు వెళ్లింది సంక్రాంతికి. అక్కడ సంక్రాంతి సాయంత్రమంటే ఇక్కడ కనుమ తెల్లవారుజాము. కనుమ నాడు తిరుమలలో మలయప్పస్వామి పారువేటకు బయల్దేరతాడు, అర్చకులు స్వామి తరఫున బల్లెం విసురుతారు. అహోబిలం నరసింహస్వామి పారువేట కూడా అప్పుడే మొదలై, ఊరూరా తిరుగుతూ నలభై రోజులకు పైగా సాగుతుంది. పంట చేతికొచ్చి, చలి ముదిరిన ఈ రోజుల్నే మన దేవుళ్లు కూడా వేటకు ఎంచుకోవడం గమ్మత్తుగా ఉంది. మన దేవుళ్ల బల్లేనికి జంతువేదీ పడదనుకోండి.

ఆ సాయంత్రం వాడి ముందుకు మొదట వచ్చింది ఒంటరి జింక. కొమ్ములు లేవు. వాడు తుపాకీ ఎత్తలేదు. ఆఖరి సీజన్లో కొత్తవాళ్లు చేసే తప్పు అక్కడే ఉంటుందని పెద్దాయన ముందే చెప్పాడు. ముందుగా, ధైర్యంగా, ఒంటరిగా వచ్చేది చాలాసార్లు ఆ ఏడు పుట్టిన మగపిల్ల. దాని నుదురు చెవుల మధ్య బల్లపరుపుగా ఉంటుంది, కొమ్ములు రావాల్సిన చోట రెండు బొడిపెలు చర్మం కిందే ఉంటాయి. ఎదిగిన లేడి తల చెవుల మధ్య గుండ్రంగా, మూతి పొడుగ్గా ఉంటుంది. రెండు మూడు పక్కపక్కన నిలబడేదాకా ఆగి, పోల్చి చూసి, పెద్దదాన్ని ఎంచుకోవాలి. వాడు ఆగాడు. వెలుతురు పోతోంది. సూర్యుడు దిగిన అరగంట వరకే కాల్చడానికి చట్టబద్ధమైన వేళ. ఆఖరికి ఇంకో మూడు వచ్చాయి. అన్నిట్లో మూతి పొడుగ్గా ఉన్నదాన్ని చూసి, ముందు కాలి భుజం వెనక, గుండె ఊపిరితిత్తుల మీద గురి పెట్టాడు.

కొట్టాక అరగంట కదలకూడదు. వెంటనే పరుగెత్తితే చావబోయే జంతువు లేచి ఎంత దూరమైనా పోతుంది. తర్వాత నెత్తురు చదవాలి. ఎర్రగా, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే ఉంటుంది. నల్లగా ఉంటే కాలేయం, ఇంకా ఆగాలి. పచ్చగా, కంపు కొడితే పేగులు, ఆ రాత్రి నిద్ర ఉండదు. వాడికి నురుగే కనిపించింది. పొదల కింద పడి ఉంది. ముందు చేయాల్సిన పని లైసెన్సులో ఉన్న ట్యాగు చింపి, నెల, తేదీ గడులు కత్తిరించి, రాంచ్ పేరు, కౌంటీ రాసి జింకకు కట్టడం. అది కట్టకుండా జింకను కదిపితే వేటగాడు కాస్తా దొంగ అవుతాడు.

తర్వాత కడుపు చీల్చడం. పెద్దాయన టార్చి పట్టుకున్నాడు. కత్తి పదును పైకి ఉండేలా, కింద రెండు వేళ్లు పెట్టి తోలును ఎత్తి పట్టుకుని, పేగు తెగకుండా గీయాలి. చలిలో ఆవిరి లేస్తుంది. చేతులు మోచేతుల దాకా లోపలికి పెట్టి అన్నీ ఒకేసారి బయటికి లాగాలి. అప్పటిదాకా గడ్డకట్టిన వేళ్లు లోపలి వెచ్చదనానికి తేరుకున్నాయని, అది తలచుకుంటే సిగ్గేసిందని వాడు తర్వాత చెప్పాడు.

నాకు ఇక్కడ కనుమ తెల్లవారింది. టీ పెట్టుకుంటుంటే వాట్సాప్ మోగింది. "మామా, కడుపుతో ఉంది." ఇంకాసేపటికి: "వేలంత ఉంది. కాళ్లు, గిట్టలు అన్నీ తెలుస్తున్నయ్."

ట్యాగు కట్టావా అని అడిగాను. మేనమామలు ఇలాంటప్పుడు ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న అడగలేరు.

లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. నవంబర్లో జత కట్టిన లేడి జనవరి సగానికి రెండు నెలల కడుపుతో ఉంటుంది. దాదాపు రెండు వందల రోజులు మోసి అక్కడి ఎండాకాలం మొదట్లో ఈనుతుంది. ఎదిగిన లేడి ఏదైనా ఆ రోజుల్లో అంతే. పెద్దాయనకు తెలుసు, తెలిసే పిలిచాడు. ఇది చూడలేననుకుంటే అక్టోబర్లో బాణం పట్టుకుని రా, అప్పుడు తల్లి వెనక ఆ ఏటి పిల్ల నడుస్తుంటుంది, దాన్ని చూద్దువుగాని అన్నాడట. నవంబర్లో జత, జనవరిలో కడుపు, అక్టోబర్లో వెంట పిల్ల. ఏ నెలలో చేతులు కడుక్కుందామన్నా నీళ్లు ఎర్రగానే ఉంటాయి. కిందముడి సూత్రాన్ని పాటించి నవంబర్ దాటించిన నా తెలివి ఎంతవరకు పనిచేసిందో ఆ మెసేజీ చూశాక తెలిసింది. ఆ క్షణం దాటేదాకా ఆగమన్నాడు మహానుభావుడు, సరే. దాటాక మిగిలేది ఏమిటో ఆయన చెప్పలేదు. ఆయన మగజింకగా మాట్లాడాడు. పక్కన పడి ఉన్న ఆడజింక ఏమనుకుందో వ్యాసుడు రాయలేదు.

మన 1972 చట్టం ఆడదాన్ని ముట్టొద్దని రాసింది. టెక్సాస్ చట్టం ఆ రెండు వారాలు పెద్ద కొమ్ముల మగదాన్ని ముట్టొద్దని, ఆడదాన్ని కొట్టుకోమని రాసింది. రెండిటికీ కారణాలున్నాయి. మన దగ్గర అప్పటికి మిగిలింది కొద్ది, పెరగాలంటే ఆడవి మిగలాలి. అక్కడ తోడేళ్లను మనుషులు ఎప్పుడో తుడిచిపెట్టేశారు. తినేవాడు లేక జింకలు పెరిగి, మేత చాలక ఎముకల గూళ్లయి చస్తాయి, అడవిలో మొలకలు లేవనివ్వవు. మగవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గదు, మిగిలిన ఒక్క మగది చాలు. కాబట్టి లేళ్లను కొట్టాలి. ఈ వాదన నాకు అర్థమవుతుంది, పాఠం కూడా చెప్పగలను. కానీ ఆ మెసేజీ చూసిన తర్వాత దీన్ని 'జనాభా నియంత్రణ' అని బోర్డు మీద రాయాలంటే చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది.

మా వీధి చివర చికెన్ సెంటర్ ఉంది. ఆదివారం పొద్దున నేనూ లైన్లో నిలబడి, స్కిన్‌లెస్ అని చెప్పి, పక్కకు తిరిగి పేపరు చదువుకునేవాణ్ణే. అందుకని మావాడికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. వాడైనా మోచేతుల దాకా లోపలికి పెట్టి చూశాడు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. 1900 నాటికి అమెరికా అంతటా తెల్లతోక జింకలు ఓ ఐదు లక్షలే మిగిలాయని అంచనా. మాంసం, తోళ్ల వ్యాపారం కోసం ఏడాది పొడవునా కొట్టిన ఫలితం. ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉంటాయి. మధ్యలో జరిగిందేమిటంటే, వాళ్లు వేటను ఆపలేదు, దానికి తేదీలు వేశారు. సీజన్లు, మనిషికి ఇన్నే అన్న పరిమితి, ట్యాగులు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చి వేట తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్ను డబ్బు వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచారు. తూటా కొన్న ప్రతివాడూ జింక పెరగడానికి చందా కట్టినట్టే.

మన దగ్గర ఆ తేదీలు లేవా అంటే, ఉన్నాయి. 1912 నాటి బ్రిటిష్ చట్టంలోనూ మూసివేత కాలం ఉంది. కానీ సంస్థానాల్లో సీజన్ అంటే దొరవారి తీరిక. వనస్థలిపురం దగ్గర ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకెళ్లే హరిణ వనస్థలి నిజాం వేట మైదానం. మెదక్ దగ్గరి పోచారం అడవీ అంతే. ఈ దక్కన్ మైదానాల్లో మచ్చిక చేసిన చీతాలను బండి మీద కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి, కృష్ణజింకల మంద కనబడగానే గంత విప్పి వదిలేవారు. 1893లో ఆస్ట్రియా రాకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ వచ్చి నిజాం అతిథిగా వేటాడి వెళ్లాడు. కొట్టిన ప్రతి జంతువుకూ పద్దు రాసుకున్న మనిషి, జీవితకాలం లెక్క రెండు లక్షల డెబ్బై వేలు దాటిందంటారు. ఇరవై ఒక్కేళ్ల తర్వాత సరయేవోలో ఆయన మీద పేలిన తుపాకీ గురించి మా క్లాసులో ఇంకో సార్ చెబుతారు. వేటాడిన చీతా చివరికి దేశంలోనే లేకుండా పోయింది. 1952లో ఆ మాట అధికారికంగా చెప్పేశారు. వేటకు గురైన కృష్ణజింక మాత్రం మిగిలింది. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా వనస్థలిపురం దగ్గరి ఆ వేట మైదానానికే ఆయన పేరు పెట్టారు. అహింస చెప్పిన తీర్థంకరుడి పేరు తగిలించేదాకా ఆ జింకలకు నిలకడ దొరకలేదు. తేదీలు పాటించడం చేతకాని వాళ్లం కాబట్టి 1991లో తలుపే మూసుకున్నాం అని నా అభిప్రాయం. మూయడం మంచిదే అయింది. మనల్ని మనం సరిగ్గానే అంచనా వేసుకున్నాం.

మావాడు సగం మాంసం ఆకలి మీద ఉన్నవాళ్లకు పంచే సంస్థకు ఇచ్చాడు. మిగతాది మంచుపెట్టెలో తెచ్చి కూర చేశాడు. జింక మాంసంలో కొవ్వు ఉండదు, కుక్కర్లో ఐదు విజిల్సు పెడితే చెక్కలా అయింది. మా అక్క ఫోన్లో ఉండి అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా పెరుగులో ఊరబెట్టాలని చెప్పింది. కడుపు సంగతి మా అక్కకు వాడు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఈమధ్య మళ్లీ ఫోన్ చేశాడు. లానో చుట్టుపక్కల రాంచ్‌లలో 'ఆక్సిస్' అని ఇంకో జింక ఉందట, మాంసం ఇంతకన్నా రుచట. ఫొటో పంపాడు. ఒళ్లంతా తెల్ల చుక్కలు. మన దుప్పి! తెలంగాణ రాష్ట్ర జంతువు. 1932 ప్రాంతంలో అక్కడి రాంచ్‌ల వాళ్లు వేట సరదాకు తెప్పించి వదిలితే పెరిగి వేలకు వేలయింది. కృష్ణజింకలనూ ఆ రోజుల్లోనే తెచ్చారు. అవి అక్కడ ఎంత పెరిగాయంటే, పాకిస్తాన్లో కృష్ణజింక అంతరించాక మళ్లీ వదలడానికి టెక్సాస్ నుంచే పంపించారు. నా క్లాసులో ఒక మార్కు చేసే జంతువులు రెండూ వాడి ఇంటి నుంచి కారులో నాలుగు గంటల దూరంలో మేస్తున్నాయి. "దీనికి సీజన్ లేదు మామా. బయటి దేశపుది కాబట్టి ఏ నెలైనా కొట్టొచ్చంట. లైసెన్సుంటే చాలు. ఏ నెలలో పొమ్మంటవ్?"

తెల్లతోక జింకకైతే క్యాలెండరు చూసి చెప్పేవాణ్ణి. దుప్పి మన వేడి దేశపు జంతువు, దానికి జత కట్టే నెల అంటూ కచ్చితంగా ఉండదు. ఏ నెలలో చూసినా మందలో ఒక మగదానికి కొమ్ములు గట్టిపడి ఉంటాయి, పక్కదానికి నూగు తోలు ఉంటుంది, ఒక లేడి కడుపుతో ఉంటుంది, ఇంకోదాని వెనక పిల్ల ఉంటుంది. అందుకే చెప్పాను, దీనికి నెల అడగడం దండగ, మందలో ఏది ఏ స్థితిలో ఉందో అక్కడ కూర్చుని నువ్వే చూసుకోవాలి అని. వాడు విని, రాంచ్ యజమాని రేట్లు చెప్పాడు: కొమ్ముల మగదానికి వేలల్లో డాలర్లు, లేడికి వందల్లో. తన దగ్గర వందలే ఉన్నాయన్నాడు. ఆ వందలు పెట్టి ఇక్కడికి టికెట్ కొనుక్కో, హరిణ వనస్థలికి నేను తీసుకెళ్తాను అన్నాను. "అక్కడ కొట్టనియ్యరు గదా మామా" అన్నాడు. అడ్వాన్సు ఇంకా కట్టలేదు. ఎండాకాలానికి పోదామని చూస్తున్నాడు.